ఎడమ స్తంభం, వొలిచిన బఠాణీలు

"అమ్మాయ్, ఈ బఠాణీలు వొలవడం నాకిది నాలుగోసారి. ఇక నా వల్ల కాదు" అంది అత్తగారు, గిన్నెను వంటింటి గట్టు మీద ఠక్కున పెట్టి.

కోడలు గిన్నెలోకి తొంగి చూసింది. ఒక్క కాయ కూడా వొలిచి లేదు. బజారునుంచి ఎలా వచ్చాయో అలాగే నిండుగా, నిక్షేపంలా ఉన్నాయి.

"మీరింకా మొదలే పెట్టలేదు కదత్తయ్యా."

"అదేనే నా ఏడుపు" అంది అత్తగారు.

కోడలు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. చెయ్యి ఎంత తేలికంటే, పసిపిల్లలు కూడా సూది బయటికి తీశాక గాని ఏడవాలన్న సంగతి గుర్తు తెచ్చుకోరు. అందుకని పేషెంట్లందరూ ఆవిడని సూదమ్మ అంటారు. క్రమంగా అపార్టుమెంటువాళ్ళూ అదే పిలుపు పట్టుకున్నారు. ఆవిడ కూడా అలవాటు పడిపోయి, అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే వెనక్కి తిరిగి ఇంకెవరినో పిలుస్తున్నారనుకుంటుంది.

"ఎవరు చేశారత్తయ్యా ఇది?"

"ఇంకెవరు? నీ మొగుడు. కింద స్తంభానికి ఎదురుగా నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. ఇప్పుడొచ్చి టైర్లో గాలి లేదంటాడు చూడు."

సూదమ్మకి నెమ్మదిగా, కాలి బొటనవేలి దగ్గర మొదలై నడినెత్తి దాకా, సంగతంతా అర్థమైంది.

కార్లన్నిటిలోనూ పాటలు పెట్టుకునే బటన్ కింద ఇంకో బటన్ ఉంటుంది. కంపెనీవాళ్ళు దానికి ఏదో పెద్ద పేరు పెట్టారు గాని జనం 'నిన్న బటన్' అంటారు. ఒకసారి నొక్కితే గంట వెనక్కి పోతుంది. గట్టిగా పట్టుకుంటే నిన్నటి దాకా పోతుంది, అంతే, అంతకన్నా కదలదు. కారు గంట క్రితం ఎక్కడుందో అక్కడికి చేరుతుంది, లోపల కూర్చున్నవాళ్ళు లోపలే ఉంటారు. కారుతో పాటు లోకమంతా వెనక్కి పోతుంది. అయితే జరిగింది గుర్తుండేది కారులో కూర్చున్నవాళ్ళకే. బయట ఉన్నవాళ్ళు ఆ గంటని మళ్ళీ కొత్తగా, ఎంతో శ్రద్ధగా బతుకుతారు. ఆదివారం మధ్యాహ్నాలు అంతలా సాగుతూ ఉండడానికి కారణం ఇదేనని కొందరి అనుమానం.

ఈ బటన్ కనిపెట్టినవాళ్ళు దానితో మనుషులు ప్రమాదాలు ఆపుతారని, మంటలు ఆర్పుతారని అనుకున్నారు. మూడో అంతస్తు ఆవిడ మాత్రం తోటికోడలితో పోట్లాటలో తట్టని జవాబు మెట్లు దిగేటప్పుడు తడితే, కారెక్కి గంట వెనక్కి పోయి, ఆ జవాబు ఇచ్చి వస్తుంది. కింది వాటాలో ఆయన పొంగిపోయిన పాల కోసం వెళ్తాడు. సూదమ్మ మొగుడైతే కూరలో ఉప్పు ఎక్కువైనా సరే, కంచం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, కిందికి పోయి గంట వెనక్కి వెళ్ళి, పైకొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి "ఉప్పు చూసి వెయ్యి" అంటాడు. ఈయనకి ముందే ఎలా తెలిసిందా అని ఆవిడ ఏనాడూ ఆశ్చర్యపోలేదు. మొగుళ్ళు అలా అంటూనే ఉంటారు కదా అనుకుంది.

ఆయన ఇన్సూరెన్సు కంపెనీలో సొట్టపడ్డ కార్లకి నష్టం అంచనా వేస్తాడు. రోజంతా ఊరి వాళ్ళ సొట్టలు చూసి చూసి, సొంత కారు మీద ఈగ వాలినా ఉలిక్కిపడే స్థితికి వచ్చాడు. కారు కొన్నప్పుడు సీట్లకున్న ప్లాస్టిక్ కవర్లు ఇప్పటికీ తియ్యలేదు. వేసవిలో అందులో కూర్చుని లేస్తే చీర సీటుకే అతుక్కుపోతుంది. "అమ్మేటప్పుడు కొత్తదానిలా ఉండాలి" అంటాడు. చూస్తే ఆ కారుని ఆయన తన కోసం కొన్నట్టే ఉండదు. ముందు ముందు దాన్ని కొనబోయే ఎవరో పెద్దమనిషి కోసం కాపలా కాస్తున్నట్టు ఉంటుంది.

సూదమ్మకి డ్రైవింగు లైసెన్సు ఉంది. పెళ్ళికి ముందు తీసుకున్నది. బ్యాంకులో, గ్యాసు ఆఫీసులో అడ్రసు చూపించడానికి తప్ప ఎందుకూ వాడలేదు. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం "ఇవాళ నేను నడుపుతా" అంటుంది. ప్రతి ఆదివారం ఏదో ఒక అడ్డు వస్తుంది. టైర్లో గాలి ఉండదు, లేకపోతే బ్రేకు గట్టిగా ఉంటుంది, లేకపోతే ఆయనకి తలనొప్పి. తన జాతకంలో స్టీరింగు రాసిపెట్టి లేదేమో అనుకుంది పాపం.

"నేను నడిపానా అత్తయ్యా? నిజంగా నడిపానా?"

"నడపక? గేటు దాకా బాగానే పోతావు. పోయి ఎడమ స్తంభానికి రాస్తావు. వాడు 'దిగి చూడు, దెబ్బ తగిలిందేమో' అంటాడు. నువ్వు దిగుతావు. నువ్విలా దిగగానే వాడలా నొక్కుతాడు. రెండేళ్ళనుంచీ ఇదే ఆట. వెనక సీట్లో గాలి బాగుంటుందని నేనొచ్చి కూర్చోవడం, వొలిచిన కాయలన్నీ మళ్ళీ తొక్కల్లోకి పోవడం! మామూలు రోజుల్లో ఓర్చుకున్నా. ఇవాళ మాత్రం నాలుగుసార్లా?"

"రెండేళ్ళనుంచీ చూస్తూ ఒక్క మాట చెప్పలేదేం?"

"మొగుడూ పెళ్ళాల మధ్య నేనెందుకులే అనుకున్నా" అంది అత్తగారు. ఆ ఇంట్లో ఆవిడ జోక్యం చేసుకోని వ్యవహారం అదొక్కటే.

ఇవాళే ఇన్నిసార్లు ఎందుకంటే, ఇవాళ సూదమ్మ ఊరికే వదిలిపెట్టే రోజు కాదు. వంతెన అవతల ల్యాబువాళ్ళు కొత్త బ్రాంచి తెరుస్తున్నారు. అక్కడ ఇన్‌ఛార్జిగా ఉండేవాళ్ళు తెల్లారకుండానే ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసుకురావాలి. అటు బస్సుల్లేవు. "ఆదివారం పన్నెండు లోపల నువ్వే కారు నడుపుకుంటూ రా, తాళాలు నీ చేతికిస్తా" అని ల్యాబు నడిపే డాక్టరమ్మ చెప్పింది. "రాలేకపోతే ఏం అనుకోకు, రిసెప్షన్లో అమ్మాయికి ఇచ్చేస్తా. ఆ పిల్లకి డ్రైవింగు వచ్చు." ఆ పిల్లకి డ్రైవింగు వచ్చు గాని నరం దొరకదు. అయినా కారు వెళ్ళిన చోటికే కదా సూది వెళ్ళేది.

తలుపు తోసుకుని ఆయన వచ్చాడు.

"ఏమే, ఇవాళ కుదిరేట్టు లేదు. వెనక టైర్లో గాలి..."

"నేను స్తంభానికి రాశానటగా" అంది సూదమ్మ.

ఆయన అమ్మ వైపు చూశాడు. అమ్మ బఠాణీ వైపు చూసింది.

"నువ్వు బాధపడతావని చెప్పలేదు."

"దెబ్బ తగిలింది స్తంభానికైతే బాధ నాకెందుకు?"

"మొదటిసారి గుద్దినప్పుడు నువ్వెంత ఏడ్చావో తెలుసా?" అన్నాడాయన, నిజంగానే గొంతు దించి. "నేను చూడలేకపోయాను. గంట వెనక్కొచ్చి చూస్తే నువ్వు ఇక్కడే నవ్వుతూ బట్టలు మడతపెడుతున్నావు. ఇదే బాగుంది కదా అనిపించింది."

"నా ఏడుపు కూడా నాకు దక్కనివ్వలేదన్నమాట."

"అదేం మాటే!"

"పన్లో చేరిన కొత్తలో ఎంతమందికి నరం తప్పించానో నాకు తెలుసు. ఎన్ని తిట్లు తిన్నానో తెలుసు. ఆ తిట్లు గుర్తుండబట్టే ఇవాళ చెయ్యి వణకదు. మీలాంటివాడు ఎవడైనా పక్కన నిలబడి ప్రతిసారీ వెనక్కి తిప్పి ఉంటే, నేనిప్పటికీ ఎవరి మోచేతిలోనో వెతుక్కుంటూ ఉండేదాన్ని. పదండి కిందికి."

"టైర్లో గాలి..."

"నడవండి!"

అత్తగారు గిన్నె చంకన పెట్టుకుని లిఫ్టులోకి అందరికన్నా ముందు దూరింది.

సూదమ్మ డ్రైవరు సీట్లో కూర్చుని బెల్టు బిగించింది. ఇంజను ఆన్ చేసింది. కారు బుద్ధిగా గేటు దాకా పోయింది, బుద్ధిగా ఎడమ స్తంభానికి రాసుకుంది. 

"అయ్యో! దెబ్బ గట్టిగా తగిలినట్టుంది. దిగి చూడు" అన్నాడాయన పక్క సీట్లోంచి, దయగా.

చెయ్యి తనంతట తనే బెల్టు మీదికి పోయింది. తలుపు సగం తెరిచింది. ఒక కాలు బయటపెట్టబోతుండగా వెనకనుంచి ఎవరో జడ పట్టుకుని లాగారు.

"దిగావంటే మళ్ళీ మొదటికే!" అంది అత్తగారు. "ఇవాళ నేను చెప్పింది కూడా మర్చిపోతావు. నేను మళ్ళీ చెప్పను, నాకు ఓపిక లేదు."

సూదమ్మ కాలు లోపలికి లాక్కుని తలుపు వేసుకుంది.

"నేను దిగను. మీరు నొక్కాలనుకుంటే నొక్కండి."

ఆయన తలుపు అద్దంలోంచి స్తంభాన్ని చూశాడు. తెల్ల స్తంభం మీద కారు రంగు కొంచెం అంటింది. అంటే కారు మీద స్తంభం రంగు కూడా అంటే ఉంటుంది. ఆ ఊహ భరించలేక నొక్కేశాడు.

ముగ్గురూ పార్కింగులో, పాత చోట, గంట క్రితం ఉన్నారు. కారుకి గీత లేదు, గిన్నెలో వొలిచిన గింజ లేదు. కాని సూదమ్మకి అంతా గుర్తుంది. ఎడమ వైపు ఎంత దూరంలో చప్పుడైందో, స్టీరింగు ఎక్కడిదాకా తిరిగి ఉందో, అంతా.

"ఓహో" అంది ఆవిడ. రెండేళ్ళలో మొదటిసారి తన తప్పు తన చేతికొచ్చింది.

ఈసారి ఎడమ స్తంభాన్ని తప్పించి కుడి స్తంభానికి కొట్టింది. ఆయన నొక్కాడు. ఆ తర్వాత రెండిటి మధ్యనుంచీ బయటపడి, ఆ ఆనందంలో వీధి మలుపులో చెత్తడబ్బాని పడగొట్టింది. ఆయన నొక్కాడు. ఆ తర్వాత చెత్తడబ్బాకి నమస్కారం పెట్టినంత దూరంగా పోయి, వంతెన ఎక్కేటప్పుడు కారు ఆగిపోయి వెనక్కి జారింది. వెనక లారీవాడు కూతలు కూశాడు. ఆయన కళ్ళు మూసుకుని నొక్కాడు.

వాచ్‌మన్‌కి ఇదేమీ తెలియదు. ప్రతిసారీ గేటు తీస్తూ "అమ్మగారు ఇవాళ మొదటిసారి నడుపుతున్నారే! జాగ్రత్తండీ" అంటున్నాడు. ప్రతిసారీ అంతే ఆప్యాయంగా అంటున్నాడు. చివరికి ఆయనకి వాచ్‌మన్ మీద కూడా కోపం వచ్చింది.

"కాస్త దిగి కాఫీ తాగొద్దామే" అన్నాడు ఒకసారి.

"మీరు తాగి రండి."

"గ్యాసు కట్టేశావా? పైన వాసన వస్తోందేమో..."

"మీరే వెళ్ళి చూసి రండి."

"వాడి మాట వినకు" అంది వెనకనుంచి అత్తగారు. ఆవిడ ఈసారి బఠాణీ ముట్టుకోలేదు. చేతులు కట్టుకు కూర్చుంది. "నువ్వు వంతెన దిగిందాకా నేను ఒక్క కాయ వొలిస్తే ఒట్టు."

ఆయనకి తల ప్రాణం తోకకి వచ్చింది. ఆకలి వేస్తోంది, కాని గడియారం చూస్తే ఇంకా టిఫిన్ తిని గంట కూడా కాలేదు. ఎన్నిసార్లు నొక్కినా పన్నెండు కావడం లేదు. పెళ్ళానికి మాత్రం ప్రతిసారీ కొంచెం కొంచెం డ్రైవింగు వస్తోంది. అప్పుడు తట్టింది ఆయనకి.

"నేను నొక్కుతున్న కొద్దీ నువ్వు నేర్చుకుంటున్నావు" అన్నాడు, మోసపోయినవాడిలా.

"మరి రెండేళ్ళ క్రితమే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నొక్కి ఉంటే ఈపాటికి మిమ్మల్ని నేను ఆఫీసులో దింపేదాన్ని" అంది సూదమ్మ, గేరు మారుస్తూ.

ఎన్నోసారో లెక్క అత్తగారికే తెలియాలి. కారు స్తంభాల మధ్యనుంచి దారం సూదిలోకి పోయినట్టు పోయింది. చెత్తడబ్బా తన మానాన తాను నిలబడి ఉంది. వంతెన ఎత్తు మీద కారు ఒక్క క్షణం ఆలోచించింది. సూదమ్మ పళ్ళు బిగించి, క్లచ్చిని నరం దొరికినప్పుడు సిరంజి లాగినంత మెల్లిగా వదిలింది. కారు ఎక్కింది, దిగింది. వెనక సీట్లో మొదటి బఠాణీకాయ టప్పున విరిగిన చప్పుడు వినిపించింది.

కొత్త బ్రాంచి ముందు ఆవిడ ఇంజను ఆపలేదు, దిగలేదు. హారను కొట్టింది. డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చి, కళ్ళజోడు సవరించుకుని చూసింది.

"నువ్వే నడుపుకొచ్చావా?"

"నేనేనండీ. అలవాటు ఉంది."

"అంత సులువుగా వచ్చేశావే! భయపడతావేమో అనుకున్నా."

పక్కన ఆయన దగ్గాడు. డాక్టరమ్మ తాళాల గుత్తి కిటికీలోంచి చేతిలో పెట్టింది. "రేపు ఆరింటికల్లా తెరవాలి. లోపలికి వచ్చి ఒకసారి చూసుకుంటావా?"

"రేపు చూసుకుంటానండీ" అంది సూదమ్మ. ఇవాళ ఆవిడ మొగుడిని, బటన్‌ని ఒక్కచోట వదిలి దిగే ప్రసక్తే లేదు.

తిరుగు దారి పట్టారు. తాళాలు ఒళ్ళో గలగలమంటున్నాయి. వెనక టప్ టప్‌మని కాయలు విరుగుతున్నాయి. ఆయన కూడా కాస్త వెనక్కి వాలి, ప్లాస్టిక్ కవరు చప్పుడు చేస్తుంటే, చాన్నాళ్ళ తర్వాత మొదటిసారి బయట దుకాణాల బోర్డులు చదువుకున్నాడు.

గేటు దగ్గర ఒక చిన్న సంగతి జరిగింది. పొద్దుటినుంచీ సూదమ్మ బయటికి వెళ్ళడం ఊరందరికన్నా ఎక్కువగా సాధన చేసింది. లోపలికి రావడం మాత్రం ఒక్కసారి కూడా చెయ్యలేదు. ఎందుకంటే అందాకా ఆయన ఎప్పుడూ రానివ్వలేదు. పోయేటప్పుడు ఎడమన ఉన్న స్తంభం వచ్చేటప్పుడు కుడిన ఉంటుందని చేతులకి ఎవరూ చెప్పలేదు. ఆవిడ ఎడమ వైపు బారెడు జాగా వదిలి, ఎంతో జాగ్రత్తగా, కుడి తలుపుని స్తంభానికి రాసింది.

కర్‌ర్‌మంది.

కారు స్తంభాన్ని దాటి ఆగింది. ఆయన చెయ్యి బటన్ దగ్గరికి వెళ్ళిపోయింది. అంత అలవాటు.

"ఆగండి" అంది సూదమ్మ.

"గంటే కదే. మళ్ళీ వెళ్దాం. నీకిప్పుడు వచ్చేసిందిగా. తాళాలు మళ్ళీ ఇస్తుంది ఆవిడ, ఎక్కడికి పోతాయి? ఇది మాత్రం... వినబడిందా ఆ చప్పుడు?"

నిజమే. ఆవిడకి వచ్చేసింది. ఇంకోసారి వెళ్తే ఇంకా నున్నగా వస్తుంది. సూదమ్మ ఒళ్ళో తాళాల వైపు చూసింది, బటన్ మీద ఆయన వేలి వైపు చూసింది. తర్వాత ఇంజను ఆపింది. బెల్టు విప్పింది.

"ఏం చేస్తున్నావే?" అంది అత్తగారు కంగారుగా. "దిగితే వాడు నొక్కుతాడు. నొక్కితే నీకేదీ గుర్తుండదు. వంతెనా ఉండదు, తాళాలూ ఉండవు."

"తెలుసత్తయ్యా. కాని ఇది నా గీత. నేను దిగి చూసుకోవాలి. రోజూ ఈయన వేలు పట్టుకుని కూర్చుని ఉద్యోగానికి వెళ్ళలేను కదా." ఆయన వైపు తిరిగింది. "మీ ఇష్టం. నొక్కాలనిపిస్తే నొక్కండి."

తలుపు తీసుకుని దిగింది. వాచ్‌మన్ గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తాళాలు పిడికిట్లో బిగించుకుని సూదమ్మ వంగి తలుపు చూసింది. జానెడు గీత, మధ్యలో కాస్త లోపలికి దిగింది. చివర తోక తిరిగి ఉంది. ఎన్నిసార్లో గీసి ఉంటుంది గాని, తను చూస్తున్న మొదటి గీత ఇదే.

కారులో ఆయన వేలు బటన్ మీదే ఉంది.

వెనక తలుపు తెరుచుకుంది. అత్తగారు మోకాళ్ళు పట్టుకుని, ఉస్సురంటూ, నిండు గిన్నెతో దిగింది.

"అమ్మా, నువ్వెక్కడికి?"

"నేను కూడా దిగుతున్నాన్రా. ఇన్నాళ్ళూ ఇదంతా గుర్తుపెట్టుకుని నువ్వూ నేనూ ఇద్దరం మోశాం. ఇప్పుడు నొక్కావంటే ఇవాళ జరిగిందంతా తెలిసినవాడివి నువ్వొక్కడివే. దాని తాళాలు, దాని వంతెన, నా బఠాణీలు, అన్నీ నువ్వొక్కడివే గుర్తు పెట్టుకో. పైకెళ్ళి మళ్ళీ టైర్లో గాలి లేదని చెప్పుకో."

తలుపు ధడేలున వేసింది. మామూలుగా ఆ కారు తలుపు అలా వేస్తే ఆయన రెండు రోజులు మాట్లాడడు.

కారులో ఆయన ఒక్కడే మిగిలాడు. కిటికీలోంచి వంగి ఉన్న పెళ్ళాం తల కనిపిస్తోంది. ఏడుస్తోందేమోనని తల వంచి చూశాడు. ఏడవడం లేదు. గీత వెంట వేలు పెట్టి, ఎక్కడ మొదలైంది, ఎక్కడ లోతు పెరిగింది, అని నరం వెతికినంత శ్రద్ధగా చూసుకుంటోంది.

ఆయన వేలు తీసేశాడు. కారు తాళం తీసుకున్నాడు. దిగాడు. కారు చుట్టూ తిరిగి వచ్చి, జేబులోంచి రుమాలు తీసి గీత మీద తుడిచాడు, వేలి గోరుతో గీకాడు, ఒక కన్ను మూసి పక్కనుంచి చూశాడు. రోజూ ఊరి వాళ్ళకి చెప్పే గొంతుతోనే చెప్పాడు.

"పైపైనే. లోపలి రేకుకి ఏం కాలేదు. నడపడానికి ఏ అడ్డూ లేదు."

"నేనూ అదే అనుకున్నా" అంది సూదమ్మ.

"వచ్చేటప్పుడు కుడి అద్దం చూసుకోవాలి."

"రేపు చూసుకుంటా. కారు తాళం ఇలా ఇవ్వండి, లోపల పెట్టి వస్తాను."

ఆయన పక్కకి జరిగాడు. వాచ్‌మన్ "అమ్మగారు మొదటిసారైనా భలే నడిపారండీ" అన్నాడు. 

ఆ మధ్యాహ్నం బఠాణీ కూర వండారు. అత్తగారు గిన్నెలోంచి ఒక్కొక్క గింజనీ చూసుకుంటూ వడ్డించింది. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. ఉప్పు ఎక్కువైంది. అత్తాకోడళ్ళిద్దరూ ఆయన వైపే చూస్తున్నారు. ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేవబోయినట్టు అనిపించింది గాని, లేవలేదు.

"కాస్త పెరుగు ఇటు జరుపు" అన్నాడు.